అమ్మబోవు కారునకు ఎంత మరమ్మతు?

పాత గొలుసు నమ్ముటకు కంసాలి యంగడికి పోయిన గృహిణికి ఒక సంగతి చక్కగా తెలియును. చేయించుకొన్ననాడు చెల్లించిన మజూరీయు, తరుగును, రాళ్ల వెలయు ఆమె చేతికి తిరిగి రావు. అంగడివాడు కాటాలో వేసి బంగారమునకు మాత్రమే వెల కట్టును. అందుచేత అమ్మబోవు గొలుసునకు క్రొత్తగా మెరుగు పెట్టించి తీసికొనిపోవు ఇల్లాలు మన యిండ్లలో కానరాదు. అయినను ఆ యింటి వాకిట నిలిచియున్న కారు నమ్మవలసి వచ్చినపుడు ఈ వివేకము ఎటో పోవుచున్నది. "కాస్త బాగుచేయించి అమ్మిన నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చును గదా" అని ఎవరో యొకరు అందురు. మెకానిక్కు వచ్చును, బానెట్టు ఎత్తి చూచును, ఒక పొడుగైన జాబితా వ్రాసి చేతికిచ్చును. ఆ జాబితాలో అబద్ధమేమియు నుండకపోవచ్చును. కారునకు నిజముగా అవి యన్నియు కావలసినవే కావచ్చును. కాని వానిని మన సొమ్ముతో మనము చేయింపవలెనా, కొనువాడు తన సొమ్ముతో చేయించుకొనవలెనా యను మాట మెకానిక్కు చెప్పడు; చెప్పుట యతని పనియు కాదు. అది యింటివారు తేల్చుకొనవలసిన సంగతి.

కారు బేరము మగవారి వ్యవహారమని మనము ప్రక్కకు తొలగుటకు ఇప్పుడు వీలు లేదు. లైసెన్సు పొంది తామే కారు నడుపుకొనుచు కొలువులకు పోవు స్త్రీలు నేడు పెక్కుమంది గలరు. స్టీరింగు పట్టనివారికిని కారు నమ్మవలసిన అగత్యము కలుగుచునే యున్నది. భర్తకు దూరదేశమునకు బదిలీ యగును; కుమారుడు విదేశమునకు పోవుచు కారును తల్లిదండ్రుల గుమ్మములో విడిచిపోవును; లేదా యింటి పెద్ద కాలము చేసి, ఆయన వాడిన బండి నెలల తరబడి దుమ్ము పట్టి పడియుండును. అట్టి సమయమున మెకానిక్కును, దళారియు, చుట్టములును తలయొక మాట చెప్పుచుండగా, లెక్క వేసికొనుట ఆమె వంతుననే వచ్చి పడును.

ఆ లెక్క వంటింటి లెక్కకంటె కష్టమైనది కాదు. మూడంకెలు చాలును. కారును ఉన్నదున్నట్లు అమ్మిన ఎంత వచ్చును? మరమ్మతునకు ఎంత యగును? మరమ్మతు చేయించిన పిమ్మట ఎంత వచ్చును? మూడవ యంకెనుండి మొదటి యంకెను తీసివేసిన మిగులునది రెండవ యంకెకంటె ఎక్కువైన మరమ్మతు చేయింపవలెను, తక్కువైన మానవలెను. చిక్కు ఎక్కడ వచ్చుచున్నదనగా, మనవారు మొదటి యంకెను తెలిసికొనకయే రెండవదానికి సంచి విప్పుదురు. కనుక వెల తెలిసికొనుట ముందు, మరమ్మతు పిదప. కారు నెట్లున్నదట్లే కడిగి, పాత కార్లు కొనువారికి ఇద్దరికో ముగ్గురికో చూపి, వారు చెప్పిన వెలను కాగితముపై వ్రాసికొనవలెను. చూపుటకు ఖర్చు లేదు. "క్లచ్చి మార్పించిన మీరెంత యెక్కువ యిత్తురు? టైర్లు నాలుగును క్రొత్తవి వేయించిన ఎంత?" అని వారినే యడుగవలెను. వారు చెప్పు మాట మనకు రుచింపకపోవచ్చును గాని, ఆ మాట ముందుగా వినుటయే లాభము.

లెక్క తేటపడుటకై ఒక యింటిని ఊహించుకొందము. ఈ యంకెలు లెక్క కొరకు కల్పించినవే. భర్త పోయిన యొక యిల్లాలికి, కుమార్తె కాలేజీ ఫీజు కట్టుటకు కారు నమ్మక తప్పలేదు. చిన్న పెట్రోలు కారు. కొని పదునొకండు సంవత్సరములైనది. ఏడు నెలలుగా కదలలేదు. మెకానిక్కు జాబితా యిట్లున్నది: బండి అంతటికి రంగు 30,000 రూపాయలు, టైర్లు 14,000, షాకబ్జార్బర్లు 11,000, క్లచ్చి 9,000, బ్యాటరీ 4,500, ఏ.సి. గ్యాసు 2,500, బ్రేకు ప్యాడ్లు 2,000, బల్బులు వైపరు రబ్బర్లు 1,000. వెరసి 74,000. ఆమె కారును ఉన్నదున్నట్లు ఇద్దరు వర్తకులకు చూపగా ఒకడు 1,85,000 అనెను, రెండవవాడు 1,92,000 అనెను. "ఇవి యన్నియు చేయించి తెచ్చెదను, అప్పుడెంత?" అని రెండవవానిని అడిగిన, 2,15,000 దాటి ఇయ్యలేననెను. అనగా 74,000 రూపాయలు వెచ్చించిన పెరుగు వెల 23,000. కుమార్తె ఫీజునుండి 51,000 రూపాయలు తీసి ఎవరో తెలియని కొనుగోలుదారునకు బహుమాన మిచ్చినట్లే గదా!

అయితే ఆమె ఏమియు చేయింపక వర్తకునకే అప్పగింపవలెనా? అక్కరలేదు. బ్యాటరీ, బ్రేకు ప్యాడ్లు, ఏ.సి. గ్యాసు, బల్బులు - ఈ నాలుగింటికి 10,000 అయినది. లోపల బయట శుభ్రము చేయించుటకు 1,500. తక్కినవానికి మెకానిక్కు సంతకము చేసిన అంచనా కాగితమును దగ్గర నుంచుకొని, సొంతమునకు కారు వాడుకొనగోరు నొక ఉపాధ్యాయునకు చూపెను. క్లచ్చి అరిగినదని, షాకబ్జార్బర్లు మార్పవలెనని తానే చెప్పి కాగితము చేతికిచ్చెను. బేరము 2,20,000కు తెగెను. వర్తకుడు మొదట చెప్పిన వెలకంటె 28,000 ఎక్కువ. అందు 11,500 ఖర్చు పోగా ఆమెకు మిగిలినది 16,500.

ఈ యుదాహరణమున గమనింపదగినది అంచనా కాగితము. కొనువాడు కారును నడిపి చూచునపుడు క్లచ్చి జారినట్లు తోచినయెడల, దానికి 9,000 చాలునని అతనికి తెలియదు. గేరుబాక్సే పోయినదేమో, ఇంజినే చెడినదేమో యని భయపడి 25,000 తగ్గించి యడుగును. అదే భయమునకు ముందుగా ఒక అంకె వ్రాసి చూపినయెడల ఆ యంకె మాత్రమే తగ్గింపగలడు. అందును కొంత బేరమాడవచ్చును. మనము మరమ్మతు చేయింపకయే, దాని ఖర్చు వ్రాయించినందువలన కలిగిన లాభమిది. పెద్ద మరమ్మతులలో పెక్కింటికి ఈ మార్గమే మేలని నా తలంపు.

కొనువాని భయమను మాట అంటిని. పాత కార్ల బేరములో అసలు సరకు కారుకంటె ఈ భయమే యన్నను తప్పు లేదు. జార్జి అకర్లాఫ్ అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు 1970లో పాత కార్ల అంగడినే యుదాహరణముగా గైకొని ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసెను. అమ్మువానికి తన బండి గుణదోషములు తెలియును, కొనువానికి తెలియవు. ఏది మంచిదో ఏది చెడ్డదో పోల్చుకొనజాలక అతడన్నిటికిని ఒక నడిమి వెలయే యియ్యజూచును. ఆ వెలకు మంచి బండి గలవాడు అమ్ముటకు వెనుదీయును. అంగడిలో చెడ్డ బండ్లే పోగుపడును. ఆ విచారమునకే 2001లో ఆయనకు మరి యిద్దరితో కలిపి నోబెల్ బహుమానము వచ్చినది. మన పెద్దలు "కొనబోయిన కొరివి, అమ్మబోయిన అడవి" యన్నది ఇంచుమించు ఇదియే గదా! కనుక కొనువానికి కనబడని మంచిపనికి వెల రాదు. కనబడు చిన్నలోపమునకు దాని ఖర్చుకంటె ఎక్కువ కోత పడును. ఏది చేయింపవలెనో ఏది మానవలెనో ఈ యొక్క మాటనుబట్టి చాలవరకు తేల్చుకొనవచ్చును.

అన్నిటికన్న ముందు, కానీ ఖర్చు లేకుండ జరుగు మరమ్మతు లేమైన ఉన్నవా యని విచారింపవలెను. కారు తయారుచేసిన కంపెనీలు ఒక్కొక్కప్పుడు తామే లోపము కనిపెట్టి, ఫలానా యేటి బండ్లను తెచ్చి చూపుడని ప్రకటించును. దీనినే రీకాల్ అందురు. టకాటా కంపెనీవారి గాలిసంచుల లోపముచేత ప్రపంచమందంతటను కోట్లకొలది కార్లు ఇట్లు వెనుకకు పిలువబడెను. మన దేశమునను ఆ పని జరిగెను. ఆ మరమ్మతు ఉచితము. కారు ఛాసిస్ నంబరును కంపెనీ సర్వీసు కేంద్రములో చెప్పిన, బాకీయున్న రీకాల్ ఏదైన ఉన్నదో లేదో చూచి చెప్పుదురు. అట్లే వారంటీ గడువు ఇంకను మిగిలియున్న కారైన, అమ్మకమునకు ముందే దాని క్రింద జరుగవలసిన పనులు జరిపించుకొనవలెను.

పిమ్మట అల్పవ్యయముతో భయము పోగొట్టు పనులు. డ్యాష్‌బోర్డుపై వెలుగుచుండు పసుపుపచ్చని ఇంజిను దీపము కొనువానికి దయ్యమువలె తోచును. స్కానరు గల మెకానిక్కునకు చూపిన, అది ఎందుకు వెలుగుచున్నదో కోడు చదివి చెప్పును. చిన్న సెన్సరు చెడి యుండవచ్చును, అట్లయిన మార్పింపవలెను. కారణము సరిచేయక దీపమును మాత్రము ఆర్పించుట కొందరు దళారులు నేర్పు విద్య. అది కొలది దినములలో మరల వెలుగును. అప్పటికి కొనువాడు మన గుమ్మములో నిలుచును. వెలుగని బల్బు, మూగపోయిన హారను, పైకి లేవని కిటికీ అద్దము, చిరిగిన వైపరు రబ్బరు, సగము ఊడి వ్రేలాడు అద్దపు తొడుగు - ఇట్టివి ఒక్కొక్కటి కొన్ని వందల రూపాయల పని. కాని నాలుగు చేరిన, "ఈ యింటివారు బండిని పట్టించుకొనలేదు" అను భావము కొనువాని మనసున నాటుకొనును. ఆ భావము ఇంజినుదాక ప్రాకును.

శుభ్రత మన చేతిలో పని. వేసవిలో ఏ.సి. చల్లగా రాని కారును మన యెండలలో కొనువారు అరుదు. గ్యాసు నింపుటతో సరిపోవునెడల నింపింపవలెను గాని, కంప్రెసరే మార్పవలసినచో దానికిని అంచనా వ్రాయించుటయే తగును. సీట్లు దులిపి, పాదపు పరుపులు ఉతికి ఎండనిచ్చి, డిక్కీలో పేరుకొన్న గోనెలు, గొడుగులు, కొబ్బరిచిప్పలు తీసివేయవలెను. ముక్కిన వాసన వచ్చు కారులో నీరు చొచ్చినదని అనుమానింతురు. స్టెప్నీ చక్రము, జాకీ, స్పానరు ఉండవలసిన చోట ఉండవలెను. రెండవ తాళపుచెవి వెదకి తీయవలెను. నేటి కార్ల తాళపుచెవులు రిమోటుతో కూడినవగుటచే క్రొత్తది చేయించుటకు కొనువానికి వేలు పట్టును, ఆ వేలు మన వెలనుండియే తగ్గించును. అమ్మబోవు కారునకు క్రొత్త సీటుకవర్లు, పాటల పెట్టెలు, పొగమంచు దీపములు తగిలించువారిని చూచినపుడు మాత్రము నాకు నవ్వు వచ్చును. గొలుసు రాళ్లవలె వానికి వెల లేదు.

ఇక రంగు. బండి అంతటికి క్రొత్తరంగు వేయించి మెరిపింతమను కోరిక కలుగుట సహజమే గాని, ఇంతకంటె నష్టపు పని మరియొకటి లేదు. పాతబండి తళతళలాడుచుండిన కొనువాడు సంతోషింపడు. "దీనిక్రింద ఏమి కప్పిపెట్టిరో" యని గోకి చూచును. పేరుపొందిన కొనుగోలు సంస్థల పరీక్షకులు రంగు మందము కొలుచు చిన్న పరికరమును తలుపులమీదను బానెట్టుమీదను ఆనించి, కంపెనీ రంగు ఏదో, తరువాత పూసినది ఏదో నిమిషములో చెప్పగలరు. తరువాత పూసినదని తెలిసిన ఢీకొన్న బండియేమో యని తలంతురు. పైన పటారము లోన లొటారమన్నట్లు వారికి తోచుటకు మనమే కారణమగుదుము. చిన్న గీతలు పాలిష్‌తో పోవునేమో చూడవచ్చును. వ్రేలెడు సొట్టను రంగు చెడకుండ లోపలినుండి నొక్కి సరిచేయువారున్నారు. అంతకు మించినదానిని వదలివేయుట మంచిది. నిజాయితీగా కనబడు గీత, అనుమానము పుట్టించు మెరుపుకన్న తక్కువ నష్టము.

సొట్టలను ఇన్సూరెన్సు ఖర్చుతో సరిచేయింతమని తోచును. అక్కడ నొక చిక్కు గలదు. క్లెయిము చేయని సంవత్సరములకు గాను ప్రీమియములో తగ్గింపు క్రమముగా పెరిగి, స్వంత నష్టపు భాగమునకు 50 శాతము వరకు వచ్చును. ఈ తగ్గింపు కారుది కాదు, యజమానిది. కారు నమ్మినపుడు ఇన్సూరెన్సు కంపెనీనుండి దానికి ధ్రువపత్రము తీసికొని, మూడు సంవత్సరములలోపల కొను క్రొత్తకారునకు ఆ తగ్గింపును వాడుకొనవచ్చును. అమ్మబోవు బండి సొట్టకై నాలుగువేల క్లెయిము పెట్టి, క్రొత్తబండి ప్రీమియములో అంతకు రెట్టింపు పోగొట్టుకొనుట యుచితము కాదు. ఆ ధ్రువపత్రమును అడిగి తీసికొనుట మరచువారు చాలమంది.

టైర్ల విషయమున ఒక్క మాట చెప్పిన పెద్దది కాదు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన ఆ టైరు పనికిరానిది. గాడిలోని చిన్న గుర్తు దిమ్మెలతో టైరు సమమైనచో అరిగినట్లే. గాడి మిగిలినను, నెలల తరబడి ఎండలో కదలక నిలిచిన టైరు ప్రక్కలు పగుళ్లు తీయును. టైరు ప్రక్కన నాలుగంకెల ముద్ర యుండును. మొదటి రెండంకెలు వారమును, చివరి రెండంకెలు సంవత్సరమును తెలుపును. 2319 అని యుండిన 2019వ సంవత్సరము 23వ వారములో తయారైనదని యర్థము. బాగున్నవి మార్పనక్కరలేదు. పాడైనవి రెండే యైన రెండే మార్పింపవచ్చును. నాలుగును పాడై, మనకు మార్పించుటకు ఇష్టము లేకపోయిన, ఆ సంగతి కొనువానికి చెప్పి వెల తగ్గించుకొనవలెను గాని నల్లరంగు పాలిష్ పూసి దాచరాదు.

ఇక్కడ లెక్కకు లొంగని సంగతి యొకటి యున్నది. బ్రేకులు, స్టీరింగు, టైర్లు, సీటుబెల్టులు - వీనిలో లోపముండి దానిని దాచి అమ్మిన, నష్టపడువాడు కొనువాడు మాత్రమే కాడు. ఆ కారులో వెనుకసీటున కూర్చుండు అతని బిడ్డలు, వీథిలో నడచిపోవు నెవరో. బ్రేకు ప్యాడ్లు మార్పించుట స్వల్పవ్యయము. దానిని మానుటకు కారణము కనబడదు. పెద్దపనియైన, అంచనా కాగితముతో కూడ చెప్పి, "ఇది చేయించినదాక దూరప్రయాణము చేయవలదు" అని చెప్పవలెను. మైళ్లు లెక్కించు మీటరును వెనుకకు త్రిప్పించు దళారులు గలరు. ఆ మాట ఎత్తినవానిని గుమ్మము దిగిపొమ్మనుటకు సందేహింపనక్కరలేదు. సర్వీసు కేంద్రములో ప్రతిసారియు అంకె నమోదై యుండును గనుక ఆ మోసము బయటపడుటయు సుళువే.

వరదలో మునిగిన కార్ల సంగతియు నిట్టిదే. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోను పలు యిండ్ల వాకిళ్లలో కార్లు నీట మునిగెను. అట్టి బండిని ఆరబెట్టి సీట్లు మార్చిన పైకి బాగుగనే కనబడును. కాని తీగల కొనలయందును, గాలిసంచుల పెట్టెలయందును తుప్పు నెలల తరువాత బయటపడును. దానికి ఎంత ఖర్చు పెట్టినను వెల లేవదు. ఇన్సూరెన్సు దస్తరములలో మునిగిన సంగతి వ్రాసియే యుండును. మునిగిన బండిని మునిగిన బండిగానే అమ్మవలెను.

ఎవరికి అమ్ముచున్నామను దానినిబట్టియు మరమ్మతు మారును. వర్తకునకు తన మెకానిక్కులు, తన రంగుపనివారు ఉందురు. విజయవాడ ఆటోనగరువంటి చోట ఒకే వీథిలో ఇంజిను విప్పువాడు, సీటు కుట్టువాడు, రేడియేటరు అతుకువాడు ప్రక్కప్రక్కనే దొరకుదురు. మనకు 9,000 అగు పని వర్తకునకు ఎంతో తక్కువలో తేలును. అందుచేత వర్తకునకు అమ్మునపుడు కడిగించి, పంక్చరు వేయించి ఇచ్చిన చాలును. క్రొత్తకారు కొనుచు పాతది మార్పిడి చేయునపుడును అంతే. అక్కడ మరియొక జాగ్రత్త వలయును. పాతకారునకు ఇచ్చు వెలయు, మార్పిడి బోనసు అనబడు మొత్తమును, క్రొత్తకారుపై తగ్గింపును కలగలిపి చెప్పుదురు. మూడింటిని విడివిడిగా వ్రాసి చూపుమని యడుగవలెను. లేకున్న ఒక చేత నిచ్చినది మరియొక చేత తీసికొన్నను మనకు తెలియదు. సొంతవాడుకకు కొనువానికి అమ్మిన వెల ఎక్కువ వచ్చును గాని ఓపిక కావలెను. చుట్టములకు అమ్మునపుడు మాత్రము ఉన్న లోపములన్నియు కాగితముమీద వ్రాసి యిచ్చుట శ్రేయము. లేకున్న వచ్చే పండుగకు కారుతోపాటు మాటయు వచ్చును.

రిజిస్ట్రేషను 15 సంవత్సరములు నిండవచ్చిన కారు సంగతి వేరు. సొంతవాడుక కార్లకు ఆ గడువు దాటిన పిమ్మట పరీక్ష చేయించి ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషను మార్చుకొనవలయును. ఆ పరీక్షలో నెగ్గునట్లు చేయుటకు పెట్టు ఖర్చు, వచ్చు వెలకు సమీపించినచో ఏమియు చేయింపక ఉన్నదున్నట్లు అమ్ముటయో, ప్రభుత్వపు అనుమతి గల తుక్కు కేంద్రమునకు అప్పగించి ధ్రువపత్రము పొందుటయో మేలు.

యంత్రమునకు చేయు మరమ్మతు లన్నిటికన్న ఎక్కువ ఫలమిచ్చునది కాగితముల మరమ్మతు. దీనికి ఖర్చు స్వల్పము, ప్రయాస కొంత. బ్యాంకు అప్పుతో కొన్న కారైన, అప్పు తీరినను రిజిస్ట్రేషను పత్రములో బ్యాంకు పేరు నిలిచియే యుండును. బ్యాంకునుండి అభ్యంతరము లేదను పత్రము తీసికొని ఫారము 35తో ఆ పేరు తీయింపవలెను. చెల్లింపని చలానాలు చెల్లింపవలెను. ఇన్సూరెన్సు గడువు తప్పిన కారును కొనువాడు నడిపి చూచుటయే చట్టవిరుద్ధము. పొగ పరీక్ష పత్రమును అట్లే. సర్వీసు రశీదులు తేదీల వరుసను గుచ్చి యుంచిన, అంతకంటె మంచి సాక్ష్యము లేదు. కనబడని మంచిపనిని కొనువానికి కనబడజేయునది ఆ కాగితముల కట్టయే. మునుపు ఇంజినుకు చేయించిన పెద్దపనికి వెల రావలెనన్న దాని రశీదు చూపవలెను.

యజమాని మరణించిన యింట ఈ పని మరింత ముఖ్యము. మరణించినవారి పేరనున్న కారును వారసులు నేరుగా అమ్మజాలరు. మరణమునకు 30 దినములలోపల రిజిస్ట్రేషను అధికారికి తెలిపి, మూడు నెలలలోపల ఫారము 31తో తమ పేరునకు మార్పించుకొనవలెను. ఇది జరుగక ముందు మరమ్మతులకు డబ్బు పోయుట నిష్ప్రయోజనము. కొనువాడు దొరకినను బేరము నిలువదు. దుఃఖములో నున్న యింట గడువులు గుర్తుండవు గనుక దగ్గరివా రెవరైన జ్ఞాపకము చేయుట పుణ్యము.

అమ్మిన పిదప ఫారము 29, ఫారము 30 సంతకములు చేసి యిచ్చితిమి గదా యని యూరకుండుట ప్రమాదము. ఒకే రాష్ట్రములో జరిగిన అమ్మకమును 14 దినములలోపల అమ్మినవారే అధికారికి తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. పేరు మారనంతకాలము దస్తరములో ఎవరి పేరున్నదో వారే యజమానియని 2018లో సుప్రీముకోర్టు తీర్మానించెను. ఆ వ్యాజ్యెములో కారు పలుచేతులు మారినను, మొదటి యజమాని పేరు దస్తరములో నిలిచియున్నందున, ఎవరో నడుపగా జరిగిన ప్రమాదమునకు నష్టపరిహారభారము ఆతనిపై పడెను. హైదరాబాదు కారును విజయవాడవారికి అమ్మిన అది 2014 నుండి వేరు రాష్ట్రమే గనుక, ఫారము 28తో అభ్యంతరము లేదను పత్రము కూడ తీయవలెను.

కారు అప్పగించునపుడు ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎన్ని కిలోమీటర్లు తిరిగియుండగా అప్పగించితిమో రెండు ప్రతులు వ్రాసి, ఇరువురును సంతకము చేసి, చెరియొకటి యుంచుకొనవలెను. అద్దముపైని ఫాస్టాగును ఊడదీసి, ఇచ్చిన బ్యాంకునకు చెప్పి మూయింపవలెను. లేకున్న కొనువాడు టోలుగేటు దాటినప్పుడెల్ల మన ఖాతాలో డబ్బు తరుగును. కారు తెరలో దాగియున్న మన ఫోను నంబర్లను, ఇంటి దారిని చెరిపివేయుమని పిల్లలకు చెప్పిన వారు క్షణములో చేయుదురు. సొరుగులో మరచిన ఆసుపత్రి చీటీలు, బ్యాంకు పుస్తకములు, దేవుని పటము తీసికొనుట మనకు తోచును గాని, సీటుక్రింద జారిన నగల పెట్టె తాళపుచెవి మాత్రము టార్చి వేసి వెదకినగాని కనబడదు.